అచ్యుతాపురం వంటగది: వస్తువులొచ్చాయి, చోటెక్కడ?

దసరాకి, సంక్రాంతికి ముందు ఎలక్ట్రానిక్స్ షాపుల వాళ్లు పంచే కరపత్రాలు చూడండి. మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్, పొగ లాగే చిమ్నీ, ఇప్పుడు కొత్తగా ఎయిర్ ఫ్రయర్. వెనకాల ఒక బొమ్మ ఉంటుంది. నల్లరాయి గట్టు, గోడ నిండా అల్మారాలు, మధ్యలో నవ్వుతూ ఒక ఇల్లాలు. పైన "మీ కలల వంటగది" అని రాసి ఉంటుంది.

ఆ బొమ్మ చెప్పకుండా దాటేసినవి నాలుగున్నాయి. సొంత గోడ, సొంత పేరు మీద కరెంటు మీటరు, ఇంటి లోపలికి వచ్చే కుళాయి, వండుకోవడానికి కాస్త తీరిక. ఈ నాలుగూ ఉన్నవాళ్లకే ఏ కంపెనీ మిక్సీ మంచిదన్నది ప్రశ్న. అచ్యుతాపురం చుట్టుపక్కల వాడల్లో, అద్దె గదుల్లో ఉండే మా ఆడవాళ్లు ఏ వస్తువు కొనాలన్నా ముందు ఈ నాలుగింటినీ లెక్క చూసుకుంటారు. గత పాతికేళ్లలో ప్రభుత్వాలు, బజారు కలిసి వంటింటి వస్తువుల్ని ఒక్కొక్కటిగా వాడలోకి చేర్చాయి. వంటింటికి కావాల్సిన చోటును మాత్రం చేర్చలేదు. ఆ చోటు ఎందుకు రాలేదు, అది రావాలంటే ఎవరిని ఏమడగాలి అన్నదే మేమిక్కడ మాట్లాడదలుచుకున్నది.

నాలుగున్నరకి వెలిగే పొయ్యి

2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఒక మండలం. ప్రత్యేక ఆర్థిక మండలి, అందులో మందుల, రసాయనాల కంపెనీలు, శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో కట్టిన దుస్తుల నగరం అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆ దుస్తుల నగరంలో కుట్టుమిషన్ల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వేలల్లో ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వస్తారు. దూరం నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుంటారు. వీళ్లలో మాల, మాదిగ, రెల్లి కులాల ఆడపిల్లలున్నారు, వెనకబడిన కులాల వాళ్లూ ఉన్నారు.

పొద్దున షిఫ్టుకు బస్సు అందుకోవాలంటే నాలుగున్నరకల్లా పొయ్యి వెలగాలి. పొద్దున తినేది, మధ్యాహ్నం క్యారేజీ, పిల్లలుంటే వాళ్లకి బడికి ముందు ఒక ముద్ద, ఇంట్లో ముసలివాళ్లకి మధ్యాహ్నానికి కాస్త అన్నం, కూర. ఇదంతా గంటన్నరలో అయిపోవాలి. రాత్రి మళ్లీ అదే పని.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. ఐదేళ్లలో ఇంటింటికీ గ్యాస్, మిక్సీ, కుక్కర్ అని చెప్పుకున్నాక ఆడవాళ్లకు మిగిలింది పది నిమిషాలు. మగవాళ్లకు కూడా తొమ్మిది నిమిషాలు మిగిలాయి. యంత్రం వచ్చి పని తగ్గితే ఆ తగ్గుదలలో సైతం మగవాడు తన వాటా తీసుకున్నాడు. వాడలోనూ ఇందుకు మినహాయింపు లేదు, ఆ మాట మనలో మనం కూడా అనుకోవాలి.

ఇప్పుడు దీనికి పనిగంటలు కలపండి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. విశ్రాంతి ఇవ్వకుండా ఏకబిగిన పని చేయించే సమయాన్ని ఐదు గంటల నుంచి ఆరుకు, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచాలన్నది కూడా అదే నిర్ణయంలో ఉంది. ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికీ దారి తెరిచారు. వారానికి 48 గంటలు దాటవు కదా అని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. వంట వారానికి ఒకసారి చేసుకునే పని కాదు, రోజూ రెండు పూటలా చేసేది. పది గంటల పని, రానూపోనూ బస్సులో రెండు గంటలు, ఇంటిపనికి దాదాపు ఐదు గంటలు కలిపితే పదిహేడు. మిగిలిన ఏడు గంటల్లోనే నిద్ర, స్నానం, పిల్లలు, ఒంట్లో బాగోకపోవడం అన్నీ సర్దుకోవాలి.

ఆ 48 గంటలు కూడా ఊరికే వచ్చినవి కావు. డాక్టర్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. వారపు పనిగంటలు 54 నుంచి 48కి తగ్గింది 1946 నాటి ఫ్యాక్టరీల చట్ట సవరణతోనే. ఆ తగ్గిన గంటలు ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గరికి కూడా చేరాయి. ఇప్పుడు రోజుకు పెరిగే ఒక్కో గంటా అక్కడి నుంచే పోతుంది.

ఏది ముందు కొంటారు, ఎందుకు కొంటారు

తీరిక లేని మనిషి ఏ వస్తువు కొంటుందో చూస్తే ఆమె బతుకు ఎలా నడుస్తోందో తెలుస్తుంది. ఈ గదుల్లో ముందు చేరేది కరెంటు రైస్ కుక్కర్. బియ్యం కడిగి పడేసి స్నానానికి వెళ్లిపోవచ్చు, గంజి పొంగుతుందన్న భయం లేదు, దగ్గర మనిషి ఉండక్కర్లేదు. అడుగంటిందా లేదా అన్నది తర్వాతి సంగతి. గంజి వార్చిన అన్నమే బాగుంటుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, నిజమే. కానీ ఆ రుచికి ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడే మనిషి కావాలి.

రెండోది మిక్సీ. దీనికి వేరే చిక్కుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి మిక్సీ వేస్తే అదే గదిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న పిల్ల లేచి కూర్చుంటుంది, పక్క గదివాళ్లు గోడ కొడతారు. అందుకని సెలవురోజునే వారానికి సరిపడా పొడులు, అల్లం వెల్లుల్లి ముద్ద చేసి పెట్టుకుంటారు. కొనేటప్పుడు వాట్లు చూసే ముందు చప్పుడు ఎంతో చూస్తారు. తడి గ్రైండరు మాత్రం ఎవరూ కోరరు. దాని బరువు, అది ఆక్రమించే చోటు, కడగడానికి పట్టే నీళ్లు అన్నీ గదికి మించినవి. దోసెల పిండి ప్యాకెట్టు కొనుక్కుంటారు.

మూడోది ఇండక్షన్ స్టవ్. గ్యాస్ కనెక్షన్ లేని అద్దెవాళ్లకి ఇది ఆధారం. అయితే దీని మీద అడుగు చదునుగా ఉన్న, అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి. అమ్మ ఇచ్చి పంపిన సత్తు గిన్నెలు దీని మీద వేడెక్కవు. రెండు వేల రూపాయల స్టవ్ కొంటే, ఆ వెనకే గిన్నెలు కూడా కొనాలి. కరెంటు పోతే ఆ పూట పస్తు లేదా బయటి టిఫిను.

ఫ్రిజ్ మీద కోరిక అందరికీ ఉంటుంది, ఎక్కువమంది వాడిన ఫ్రిజ్‌కే సరిపెట్టుకుంటారు. ఇక్కడికి దగ్గర్లోనే పూడిమడక. సెలవురోజు పొద్దున్నే చేపలు తెచ్చుకుని పులుసు పెట్టుకుంటే మర్నాడు దాకా రావాలి. ఫ్రిజ్ ఉంటే వారంలో ఒక పూట వంట తప్పుతుంది. ఆమె దృష్టిలో ఫ్రిజ్ కొనడమంటే ఒక పూట నిద్ర కొనుక్కోవడం.

ఈ ఎంపికల్లో తెలివితక్కువతనం లేదు, ఆడంబరం అంతకన్నా లేదు. పేదవాళ్లకి ఫ్రిజ్జెందుకు, సెల్లెందుకు అని ఊళ్లో పెద్దమనుషులు అనే మాట మేము చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ మాట అనేవాళ్ల ఇంట్లో వంటకీ, అంట్లకీ వేరే మనిషి ఉంటుంది. ఆ మనిషి చాలాసార్లు మా వాడ నుంచే వెళ్తుంది.

మీటరు ఎవరిది, బండ ఎవరిది

వస్తువు కొన్నాక అది నడవాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ ఇస్తామని 2019లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ముందు అది 100 యూనిట్లు. మంచి పథకం. లెక్క వేసి చూద్దాం. 700 వాట్ల రైస్ కుక్కర్ రోజుకు గంట నడిస్తే నెలకు 21 యూనిట్లు. 1,500 వాట్ల ఇండక్షన్ స్టవ్ రోజుకు గంట నడిస్తే 45. చిన్న ఫ్రిజ్ రోజుకు ఒక యూనిట్ చొప్పున 30. మిక్సీ ఒకటో రెండో. ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపినా 200 దాటడం కష్టం. అంటే వాడలో సొంత ఇల్లు, సొంత మీటరు ఉన్న దళిత కుటుంబానికి ఈ పథకం వంటింటి యంత్రాలన్నింటినీ మోయగలదు.

కానీ ఈ రాయితీ మీటరును చూస్తుంది. అచ్యుతాపురంలో గది అద్దెకు తీసుకున్న దళిత ఆడపిల్ల మీటరు యజమాని పేరు మీద ఉంటుంది. యూనిట్‌కి ఆయన చెప్పిందే రేటు. ఇండక్షన్ స్టవ్ పెట్టొద్దు, బిల్లు పెరుగుతుంది అని ముందే షరతు పెట్టే యజమానులూ ఉన్నారు. ఊళ్లో అమ్మా నాన్నల ఇంట్లో ఉచిత యూనిట్లు మిగిలిపోతుంటాయి, ఇక్కడ కూతురు ప్రతి యూనిట్‌కీ డబ్బు కడుతుంది.

గ్యాస్ సంగతీ ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం 1999లో మొదలైంది. కేంద్రం ఉజ్వల 2016 మే 1న వచ్చింది. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలుపెట్టి, ఏడాదికి మూడు బండలు ఉచితం అన్నారు. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఈ పథకాల ఫలితం కనబడుతూనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంటకు శుభ్రమైన ఇంధనం వాడే కుటుంబాలు 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, దేశం మొత్తం మీద 58.6 శాతం. దీన్ని తక్కువ చేసి చెప్పక్కర్లేదు. పొగ గొట్టం ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న మా అమ్మమ్మల తరం ముందు ఇది పెద్ద మార్పే.

అయితే బండ ఉన్నంత మాత్రాన కట్టెల పొయ్యి ఆరిపోదు. ఉజ్వల కుటుంబాలు ఏడాదికి సగటున వాడిన బండలు 2019-20లో 3.01, 2023-24లో 3.95. రెండు పూటలా నలుగురికి గ్యాస్ మీద వండితే ఒక బండ నెలన్నరకు మించి రావడం కష్టం. మిగతాది కట్టెలే. స్నానానికి నీళ్లు, పశువులకు కుడితి, పండక్కి పెద్ద వంట అన్నీ పెరట్లో రాళ్ల పొయ్యి మీదే.

బండ రేషన్ కార్డును పట్టుకుని ఉంటుంది, కార్డు ఊళ్లో ఉంటుంది, వండుకునే పిల్ల అచ్యుతాపురంలో ఉంటుంది. చిరునామా రుజువు అక్కర్లేని ఐదు కిలోల చిన్న బండ దొరుకుతుంది గానీ దానికి రాయితీ లేదు. రేషన్ బియ్యం ఏ ఊళ్లోనైనా తీసుకునే ఏర్పాటును 2019 ఆగస్టులో ముందుగా ప్రయోగించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. బియ్యం మనిషి వెంట నడవగలిగినప్పుడు బండ ఎందుకు నడవదు?

పెరడు పోయింది, గట్టు రాలేదు

పాత వాడలో గుడిసె చిన్నదే. కానీ వంటగది గుడిసెలోనే ఉండేది కాదు. పెరట్లో మునగచెట్టు, గోడవార కోళ్లగూడు, చింతచెట్టు కింద రోలు, కట్టెల కోసం తాటిమట్టలు, సరుగుడు పుల్లలు, జీడితోటల్లో రాలిన ఎండుకొమ్మలు, చెరువుగట్టున దొరికే ఆకుకూరలు, వీటన్నింటిలోకీ వంటగది పరుచుకుని ఉండేది. ప్రత్యేక ఆర్థిక మండలికి భూములు తీసుకున్నప్పుడు పరిహారం పట్టాను, సర్వే నంబరును చూసి లెక్క కట్టారు. అదే భూమి మీద కూలి చేసుకుని, కట్టెలు ఏరుకుని, ఆకు కోసుకుని బతికిన వాళ్ల వంటింటి నష్టాన్ని ఏ కాగితం మీదా రాయలేదు. పునరావాస కాలనీకి వచ్చాక కరివేపాకు రెబ్బ దగ్గర్నుంచి కొనుక్కోవాల్సిందే.

తర్వాత ఇళ్ల పథకాలు వచ్చాయి. 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చారు. సెంటున్నర అంటే 72 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం నిజంగా ముందడుగు. 2022 ఏప్రిల్ 28న మా జిల్లాలోనే సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ పేదలకు పెద్ద ఎత్తున పట్టాలు పంచారు. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అంటోంది. మధ్యలో ఆగిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామని 2025లో ప్రకటించింది.

సెంట్ల మీద రాజకీయ పార్టీలు కొట్లాడుకుంటాయి. ఆ ఇంట్లో వంటగది ఎంత, కిటికీ ఎటు, నీళ్లు బయటికి ఎటు పోతాయి అని ఏ పార్టీ మాట్లాడదు. డబ్బు చాలక ఇల్లు సగంలో ఆగితే మొదట ఆగేది వంటగది పనే. గట్టు, తొట్టి, పొగ పోయే కన్నం అన్నీ "తర్వాత చూద్దాం" జాబితాలోకి వెళ్తాయి. చివరికి ఇంటి ముందు రేకు దించి అక్కడే పొయ్యి పెట్టుకుంటారు. బండ లోపల, పొయ్యి బయట, కుళాయి వీధి గుమ్మం దగ్గర.

ఇది పేదల ఇళ్లకు రాసిపెట్టి ఉన్న రాత కాదు. వందేళ్ల కింద జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ కార్మికుల కోసం ఇళ్లు కట్టేటప్పుడు మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పికి వంటగది గీసే పని అప్పగించింది. 1926లో ఆమె గీసిన వంటగది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అంటే సుమారు 70 చదరపు అడుగులు. పొయ్యి నుంచి తొట్టికి ఎన్ని అడుగులు వేయాలి, చెయ్యి ఎంత చాపాలి అని కొలిచి ప్రతి డబ్బాకూ చోటు పెట్టింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఈరోజు డబ్బున్నవాళ్లు మాడ్యులర్ కిచెన్ అని లక్షలు పోసి చేయించుకునేదాని పుట్టుక కార్మికుల కాలనీలో ఉంది. దాన్ని గీసేటప్పుడు పనికెళ్లే ఆడమనిషి గంటల్ని లెక్కలోకి తీసుకున్నారు. మా 340 అడుగుల్లోనూ 70 అడుగులు తీయొచ్చు. తీయాలన్న ఆలోచన గీసేవాళ్లకు ఉండాలి.

వంటింటి గడప దగ్గర కులం

మిక్సీకి కులం లేదు. అది పెట్టే గట్టుకు ఉంది. అచ్యుతాపురంలో గది కోసం వెళ్తే అద్దె ఎంతో చెప్పే ముందు "మీరేమిట్లు?" అని అడిగే ఇళ్లున్నాయి. కొన్నిచోట్ల అంత సూటిగా అడగరు, "ఏం తింటారు?" అంటారు. ఎండుచేప కాల్చకూడదు, పెద్దమాంసం వండకూడదు, వాసన రాకూడదు. ఇవి వంటింటి నియమాల్లా కనబడతాయి, కానీ ఇవి కులం నియమాలు. మా పిల్ల వేలు పోసి స్టవ్ కొనుక్కున్నా దాని మీద తన తిండి తాను వండుకోలేకపోతే ఆ స్టవ్ సగమే ఆమెది.

ఈ దేశంలో అంటరానితనాన్ని కొలవడానికి వంటగదినే కొలబద్దగా వాడారు. ఎన్‌సీఏఈఆర్, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం 2011-12లో 42 వేల కుటుంబాలతో చేసిన మానవాభివృద్ధి సర్వేలో అంటరానితనం పాటిస్తారా అని అడిగారు. లేదన్న వాళ్లను మరో ప్రశ్న అడిగారు. షెడ్యూల్డు కులాల మనిషి మీ వంటగదిలోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా మీకు ఇబ్బంది లేదా? మొత్తం మీద 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో పాటిస్తామని ఒప్పుకున్నాయి. ఒప్పుకోని వాళ్లెందరో మనం ఊహించుకోవచ్చు.

బడి వంటగది కూడా దీనికి బయట లేదు. మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకాల్లో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత మహిళ వండిన అన్నం తినబోమని పైకులాల పిల్లలు మానేస్తే ఆమెనే తీసేశారు. గొడవ పెద్దదయ్యాక తిరిగి పెట్టుకున్నారు.

నీళ్ల సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్లను మురికి చేయొద్దని అడ్డుచెప్పినందుకు మొదలైన గొడవ 17వ తేదీన ఆరుగురు మాదిగల హత్యగా ముగిసింది. నీళ్ల కోసం బిందె తెచ్చుకున్న మున్నంగి సువార్త ఆ రోజు ఎదురు నిలబడింది. ఆ బిందెలో నీళ్లు వంటింటికి పోవాల్సినవి. తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీళ్లు అని జల్ జీవన్ మిషన్ 2019లో చెప్పింది. ఆ కుళాయి వాడలో గుమ్మం దాటి గట్టు దగ్గరికి రావడాన్ని మేము అందుకే చిన్న విషయం అనుకోవడం లేదు.

గ్యాస్ అంటే రెండర్థాలు

అచ్యుతాపురంలో గ్యాస్ అన్న మాట వింటే ఇల్లాలికి బండ ఒక్కటే గుర్తుకురాదు. 2022 జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న బ్రాండిక్స్ ఆవరణలోని ఒక యూనిట్‌లో విషవాయువు పీల్చి కుట్టుపని చేసే ఆడవాళ్లు పదులు, వందల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు 17 మందిని బలి తీసుకుంది. అది మధ్యాహ్నం భోజనాల వేళ.

ఇలాంటి చోట వంటగదికి కిటికీ ఎటు పెట్టాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. పొగ పోవాలంటే తెరవాలి, బయటి వాసనకి మూయాలి. చిమ్నీ అమ్మే కంపెనీ లోపలి పొగకు జవాబు చెబుతుంది. బయటి గాలికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. పని చేసే చోటికి దగ్గరగా ఉండక తప్పని పేదవాళ్ల వంటింట్లోకే ఆ గాలి ముందు వస్తుంది.

ఎవరి పని మీద పన్ను తగ్గింది

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. వంటపాత్రల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది, అది మాకూ పనికొచ్చేదే. అంట్లు తోమే యంత్రం మీద 28 నుంచి 18కి తగ్గింది. మిక్సీ మీద 2018లో 28 నుంచి 18కి తగ్గించాక మళ్లీ కదల్లేదు. ఇప్పుడు లక్షాధికారి ఇంట్లో అంట్లు తోమే యంత్రానికీ, వాడలో రెండు జార్ల మిక్సీకీ ఒకటే పన్ను. పక్కనున్న తమిళనాడు 2011 సెప్టెంబరు 15 నుంచి కార్డుదారులకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాన్ ఉచితంగా పంచింది. ఉచితాలని వెక్కిరించినవాళ్లు చాలామంది. రోలు ముందు కూర్చుని గంటసేపు రుబ్బినవాళ్లు ఎవరూ వెక్కిరించలేదు.

అంట్లు తోమే యంత్రం విశాఖ అపార్ట్‌మెంట్లలోకి వస్తే ఇన్నాళ్లూ ఆ అంట్లు తోమిన మా అక్కల పని ఏమవుతుందన్నది కూడా ఈ లెక్కలోకి రావాలి. ఆ పని గౌరవంగా ఉందని మేము అనడం లేదు. విడి గ్లాసులో టీ తాగి, లోపలి గదికి పోకుండా, వెనక గుమ్మం నుంచి వచ్చి వెళ్లే పని అది. ఆ పని పోతే పోనీ, దాని బదులు ఏ పని ఇస్తారో చెప్పండి అంటున్నాం.

మేము అడిగేవి

2027 జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. వంటగది ఉందా, కుళాయి ఎక్కడుంది, వంటకు ఏ ఇంధనం అన్న ప్రశ్నలు ఇళ్ల లెక్కలో ఉంటాయి. ఈ రెండు లెక్కల్నీ కలిపి మండలాలవారీగా బయట పెట్టాలి. ఏ కులం వాళ్లకి వంటగది ఉంది, ఏ కులం వాళ్లు ఇంకా రేకు కింద వండుతున్నారు అన్నది అప్పుడు అంకెల్లో కనబడుతుంది. లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు మనవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. గదిలో మూల పెట్టిన స్టవ్‌ను వంటగది అని రాయించొద్దు.

రెండోది, 200 యూనిట్ల రాయితీ, మూడు బండల రాయితీ మనిషి వెంట రావాలి. అద్దెకుండే ఎస్సీ, ఎస్టీ కార్మికురాలు తన ఆధార్‌తో, కంపెనీ గుర్తింపు కార్డుతో వాటిని అచ్యుతాపురంలోనే తీసుకోగలగాలి.

మూడోది, ప్రభుత్వం కట్టే లేదా డబ్బిచ్చే ప్రతి ఇంట్లో వంటగది పూర్తయ్యాకే ఇల్లు పూర్తయినట్టు రాయాలి. గట్టు, తొట్టి, లోపల కుళాయి, మురుగు పోయే దారి, పొగ పోయే కన్నం, రెండు ప్లగ్గులు. ఇంతకన్నా పెద్ద కోరిక ఏమీ లేదు.

నాలుగోది కంపెనీలకు. 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. పది గంటల పని కావాలంటే రాత్రి భోజనం ఆ క్యాంటీనే కట్టి ఇవ్వాలి. ఐదు రూపాయల అన్న క్యాంటీన్ పట్టణంలో ఎంత అవసరమో, సాయంత్రం షిఫ్టు వదిలే వేళ ఆర్థిక మండలి గేటు దగ్గర అంతే అవసరం. దూరం నుంచి వచ్చిన ఆడపిల్లల కోసం సొంతంగా వండుకునే గట్టు ఉన్న హాస్టళ్లు కట్టాలి, అందులో ఎవరేం తింటారో ఎవరూ అడగకూడదు.

ఐదోది మన ఇళ్లకు. 88 నిమిషాల మగవాడు మన ఇంట్లోనూ ఉన్నాడు. సంఘం మీటింగులో సమానత్వం మాట్లాడి వచ్చి కంచం ముందు కూర్చునే అలవాటు మానాలి. రైస్ కుక్కర్ మీట నొక్కడానికి ఆడదే అక్కర్లేదు.

ఇవన్నీ వచ్చాక ఏ కంపెనీ మిక్సీ కొనాలి, చిమ్నీ పెట్టాలా వద్దా, గట్టుకి నల్లరాయా తెల్లరాయా అన్నది మా ఆడపిల్లలు హాయిగా మాట్లాడుకుంటారు. వాళ్లకి అభిరుచులు లేక కాదు, వాటికి ఇంతవరకు చోటు దొరక్క.